పల్లవి ఒక్కసారే రాస్తారు

మేడమ్ పోయారన్న కబురు పాత ఆఫీసు వాళ్ల గ్రూపులో వచ్చింది. ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తున్నాను. పక్కన ఫోను అదే పనిగా మోగుతుంటే చెయ్యి తుడుచుకుని చూశాను. మొదటి మెసేజ్ నాతో పనిచేసిన శ్రీశైలంది. "అక్కా, మేడమ్ ఇక లేరు. అల్వాల్‌ల ఇంట్లనే, నిద్రలనే పోయిన్రట." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల కింద, అప్పట్లో మా మేనేజర్‌గా ఉన్నాయన తీరిగ్గా రాసిన సంతాపం. మేడమ్ చాలా సౌమ్యురాలట. ఎవరినీ నొప్పించి ఎరగరట. అందరితో సర్దుకుపోయే మనిషట.

స్టవ్ ఆపేసి వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడ్డాను. రావాల్సింది ఏడుపు, వచ్చింది కోపం.

సర్దుకుపోవడమా? మా మేడమా? ఆవిడ గనక సర్దుకుపోయి ఉంటే ఈపాటికి మాదాపూర్‌లో ఏదో అద్దాల మేడలో పెద్ద గది, బయట ఇత్తడి పలక మీద పేరు ఉండేవి. అవి లేకుండానే పోయారు. ఎందుకు లేకుండా పోయారో తెలిసినవాళ్లం నలుగురమైనా ఉన్నాం. మేం చెప్పకపోతే ఆ సంతాపమే నిజమైపోతుంది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు కదా, నేనూ మంచే చెబుతాను. ఆవిడ ఉత్త మొండి మనిషి.

అవి సికింద్రాబాద్‌లో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే కనబడే రోజులు. డిగ్రీ అయినవాడూ కానివాడూ ఫ్లాపీలు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. మేము మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్నది శ్రీకాకుళం వైపు పల్లె. నాకు ఉద్యోగం వచ్చిందంటే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏటమ్మా, రోజంతా కూకుని ఏటి రాస్తారు అక్కడ?" అని. నాకూ సరిగ్గా తెలియదు కాబట్టి చాలా రాస్తాం నాన్నా అన్నాను.

నిజంగా చాలానే రాసేవాళ్లం. ఎస్డీ రోడ్డు మీద, కింద టైర్ల షాపు, పైన మా ఆఫీసు. ఎక్కడో విదేశంలో ఉన్న ఒక ఆరోగ్య బీమా కంపెనీకి ప్రోగ్రాములు రాసి పంపేవాళ్లం. ఎవరికి ఆసుపత్రి ఖర్చు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని తేల్చే ప్రోగ్రాములవి. ప్రతి సోమవారం మీటింగ్‌లో మేనేజర్ ఎవరు ఎన్ని లైన్ల కోడ్ రాశారో పైకి చదివేవారు. ఎక్కువ రాసినవాళ్లకు చప్పట్లు. దాంతో అందరం ఒక ఉపాయం కనిపెట్టాం. ఒకచోట రాసిన ముక్కను ఎత్తి ఇంకోచోట అతికించడం. చీర ఒకటే, పండక్కి ఒకసారి, పేరంటానికి ఒకసారి కట్టినట్టు. లైన్లు పెరిగేవి, చప్పట్లూ పెరిగేవి.

మేడమ్ మా టీమ్‌కి లీడ్. అంతకుముందు మిషన్ స్కూల్లో లెక్కల టీచర్. తలలో తెల్లవెంట్రుక కనబడ్డాక సాయంత్రం క్లాసులకు వెళ్లి కంప్యూటర్ నేర్చుకున్నారు. గంజి పెట్టిన నూలు చీర, ఎడమ చేతికి మగవాళ్ల వాచీ, సంచిలో ఎప్పుడూ ఒక కరివేపాకు రెమ్మల కట్ట. ఇంట్లో చెట్టు ఉంది కదా అని ఆఫీసులో అందరికీ పంచేవారు. నచ్చినవాళ్లకు, నచ్చనివాళ్లకు అన్న తేడా కరివేపాకు దగ్గర మాత్రం చూపించేవారు కాదు. కోడ్ చదివేటప్పుడు పెన్సిల్ వెనకవైపుతో తెర మీద తాళం వేస్తూ గొంతులో కూనిరాగం తీసేవారు. చర్చిలో పాడే బృందానికి ఆవిడే నాయకురాలని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది.

నేను చేరిన కొత్తల్లో రాసిన మొదటి మెథడ్ చూడటానికి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మెథడ్ అంటే ఒక పనికి పేరు పెట్టి విడిగా రాసుకున్న కోడ్ ముక్క, అంతే. నాది తెర మీద కిందికి జరుపుతూ పోతే టీ చల్లారేంత పొడుగుంది. ఆ పొడుగు చూసుకుని నేను లోలోపల మురిసిపోతున్నాను.

"చదువు" అన్నారు.

"ఏం చదవను మేడమ్?"

"నువ్వు రాసిందేనమ్మా. పైకి చదువు, నేను వింటాను."

చదవడం మొదలుపెట్టాను. పాలసీ ఉంటే, గడువు దాటకపోతే, ఆసుపత్రి మన లిస్టులోది అయితే, డాక్టర్ సంతకం ఉంటే... సగం కూడా కాకముందే ఊపిరి ఆడక ఆగిపోయాను.

"ఎక్కడ ఆగావో అక్కడ పెన్సిల్ గీత పెట్టు. అక్కడ కొయ్యి" అన్నారు. "ఒక్క ఊపిరిలో చెప్పలేని పని ఒక్క పని కాదమ్మాయ్. నాలుగు పనులు ఒకే చీర కప్పుకుని నిలబడ్డాయి."

మరి అక్కడక్కడా అవే ముక్కలు మళ్లీ వస్తున్నాయే అని అడిగితే సంచిలోంచి అట్ట ఊడిన పాటల పుస్తకం తీశారు. ఏదో ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టారు. పైన పల్లవి, కింద చరణాలు. ప్రతి చరణం చివర పల్లవిలోని మొదటి మాట ఒక్కటే ఉంది, దానికి అటూ ఇటూ రెండేసి నిలువు గీతలు.

"చూశావా, పల్లవి ఒక్కసారే రాస్తారు. ఎన్నిసార్లైనా పాడతారు. రేపు అందులో ఒక మాట మార్చాలనుకో, ఒక్కచోట దిద్దితే సరిపోద్ది. అలా కాక ప్రతి చరణం కిందా పల్లవి మొత్తం రాసుకుంటూ పోయామనుకో, ఎక్కడో ఒకచోట పాత మాట ఉండిపోద్ది. అప్పుడు సగం మంది ఒకటి పాడతారు, సగం మంది ఇంకోటి పాడతారు. దాన్ని పాట అనరమ్మా, కల్లు దుకాణం అంటారు."

మా గుళ్లో భజనల పుస్తకంలోనూ ఆ గీతలు చూశాను. చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. వాటి వెనక ఇంత ఆలోచన ఉందని ఆ రోజు ఎస్డీ రోడ్డు మీద, కింద టైర్లు విప్పుతున్న చప్పుడు మధ్యలో తెలిసింది.

ఎంతమంది పక్కన ఎన్నిసార్లని కూర్చుంటారు? టీమ్ పెరుగుతోంది, అతికింపులూ పెరుగుతున్నాయి. మధ్యాహ్నం బాక్సు తిన్నాక మిగిలే కాస్త సమయంలో ఆవిడ ఒక చిన్న ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టారు. కోడ్‌ని చదివే కోడ్ అది. ఏ మెథడ్ ఒక తెరకు పట్టకుండా పొడుగు పోయిందో, ఏ ముక్క ఇంకోచోట మళ్లీ కనబడిందో వెతికి చూపిస్తుంది. దానికి ఏం పేరు పెట్టాలని తర్జనభర్జన పడుతున్నప్పుడే ఒక శనివారం నన్ను వెంటబెట్టుకుని మోండా మార్కెట్‌కి వెళ్లారు. క్రిస్మస్ పిండివంటలకు కొత్త జల్లెడ కావాలట. షాపతను ఒకటి చూపించి "ఇది మస్తు నడుస్తది అమ్మా, అందరూ ఇదే కొంటున్నరు" అన్నాడు. ఆవిడ దాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి కన్నాలు చూశారు.

"అందరూ కొంటే నాకేంటి బాబూ. కన్నం ఎంత ఉండాలో పిండి చెప్పాలి, నువ్వు కాదు" అన్నారు. నాలుగు షాపులు తిరిగి, చివరికి మొదటి షాపులోనే వేరే జల్లెడ కొన్నారు. సోమవారం వచ్చేసరికి మా ప్రోగ్రామ్ పేరు కూడా జల్లెడే.

ప్రతి సాయంత్రం మేం రాసినవన్నీ కలిపి ఒక్కటిగా కట్టే పని ఉండేది. దాన్ని బిల్డ్ అంటాం. మేడమ్ దాని గుమ్మంలో జల్లెడను కూర్చోబెట్టారు. పొడుగు మెథడ్ గానీ, అతికించిన ముక్క గానీ దొరికిందా, బిల్డ్ ఆగిపోతుంది. అందరి తెరల మీదా ఇంగ్లిషు అక్షరాల్లో ఒక తెలుగు మాట ఎర్రగా వచ్చేది, పల్లవి ఒక్కసారే అని. పాత కోడ్ జోలికి మాత్రం పోయేది కాదు. అందులో ఎవరైనా చెయ్యి పెడితేనే పట్టుకునేది. అదేమంటే, "ముట్టుకున్న గిన్నె కడిగి పెట్టాలి. పక్కింటి గిన్నెలు కూడా కడగమనలేదుగా" అనేవారు.

మొదటి రోజు జల్లెడ పట్టుకున్నది ఎవరిని అనుకున్నారు? ఆవిడనే. ఆవిడ ఎప్పుడో రాసి, ఆ రోజు మళ్లీ చెయ్యి పెట్టిన మెథడ్ ఒకటి పొడుగు తేలింది. మేనేజర్ అందరి ముందూ నవ్వి, "సూదిని చూసి జల్లెడ వెక్కిరించినట్టు ఉంది మేడం" అన్నారు. "మరి తెచ్చిన మనిషిని ముందు పట్టుకోకపోతే అది జల్లెడ ఎట్లా అవుద్దండీ" అని, అక్కడే కూర్చుని కోసి, సరిచేసి లేచారు.

ఇక మా వాళ్ల తెలివితేటలు చూడాలి. లైన్లు ఎక్కువైతే పట్టుకుంటోందని శ్రీశైలం నాలుగు లైన్లను ఒకే లైన్‌లో కుక్కాడు. జల్లెడ మర్నాటికి లైన్లు లెక్కపెట్టడం మానేసి పనులు లెక్కపెట్టడం నేర్చుకుంది. ఇంకొకతను పొడుగు మెథడ్‌ని మధ్యలో విరిచి వాటికి పార్ట్ వన్, పార్ట్ టూ అని పేర్లు పెట్టాడు. మేడమ్ అతన్ని పిలిచి, "నీ పెళ్లి శుభలేఖలో కూడా పెళ్లికొడుకు పార్ట్ వన్ అని వేయిస్తావా నాయనా?" అని అడిగారు. అతికించిన ముక్కల్లో పేర్లు మార్చి చూశాం. జల్లెడ పేర్లను పట్టించుకోకుండా ఆకారం చూసేది. దొంగ మీసం పెట్టుకున్నా నడక మారదు కదా.

"ఏందక్కా గిట్ల, మనకు మిషన్‌ని కాపలా పెట్టిన్రు మేడమ్" అని శ్రీశైలం కొన్నాళ్లు మొత్తుకున్నాడు. అల్వాల్ కుర్రాడు, మేడమ్ వాళ్ల పక్క వీధే. ఆదివారం ఆవిడ ఇంటికి కరివేపాకు కోసం వెళ్లి, రెండు గంటలు జల్లెడ ఎలా పనిచేస్తుందో చెప్పించుకుని వచ్చాడు. ఆ తర్వాత జల్లెడను ఎవరైనా తిడితే ముందు కొట్లాటకు దిగేది అతనే.

మా ప్రోగ్రాములన్నిటి మధ్యలో ఒక మెథడ్ ఉండేది. దాన్ని మేం పెద్దాయన అనేవాళ్లం. ఒక బిడ్డకు ఆసుపత్రి ఖర్చు ఇవ్వాలా వద్దా అని తేల్చేది అదే. కంపెనీ పెట్టిన కొత్తల్లో మా మేనేజర్ స్వయంగా రాసింది. ఎంత పొడుగంటే, దాని మొదలు చూసినవాడికి చివర గుర్తుండదు, చివర చూసినవాడికి మొదలు నమ్మబుద్ధి కాదు. ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ముట్టుకోకుండా అందులోంచి ముక్కలు ఎత్తుకుపోయి ఎక్కడెక్కడో అతికించుకునేవాళ్లు.

అలా ఉండగా ఆ దేశంలో చట్టం మారింది. కన్నబిడ్డకు ఏ ఖర్చు ఇస్తారో దత్తత తీసుకున్న బిడ్డకూ అదే ఇవ్వాలి. మాకు కబురు వచ్చింది, గడువు పెట్టారు. పెద్దాయనలో ఒక షరతు మార్చాం. ఆ సాయంత్రం బిల్డ్ ఆగిపోయింది. ఎర్ర అక్షరాలు, వాటి కింద పెద్దాయన పొడుగు గురించి ఒక ఫిర్యాదు, అందులోంచి ఎత్తుకుపోయిన ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆచూకీ.

మేనేజర్ మేడమ్ సీటు దగ్గరికే వచ్చారు. మేమందరం తెరల వెనక తలలు దించుకుని వింటున్నాం.

"మేడం, జెర ఆ జల్లెడ బంద్ పెట్టండి. ఒక్క వారం. రిలీజ్ అయిపోయినంక మళ్లీ షురూ చేసుకోండి."

"ఆపనండీ."

"అది చూపించిన చోట్లన్నీ చేత్తో మార్చేస్తాం కదా. ఇంకేం తక్లీఫ్?"

"చూపించినవి మారుస్తారు. చూపించనివి ఉంటే?"

"ఉంటే తర్వాత చూసుకుందాం."

"తర్వాత చూసేది మనం కాదండీ" అన్నారు మేడమ్. గొంతు పెంచలేదు. లెక్కల టీచర్ బోర్డు మీద మెట్టు తర్వాత మెట్టు వేసినట్టు చెప్పారు. "ఎక్కడో ఒక తల్లి చూస్తుంది. ఆసుపత్రిలో పిల్లని పెట్టుకుని కూర్చుంటుంది. మీ బిడ్డ మీ బిడ్డ కాదు అని మన మిషన్ మర్యాదగా ఉత్తరం పంపుద్ది. ఆ ఉత్తరం మీద మీ పేరూ ఉండదు, నా పేరూ ఉండదు. అందుకే కదా మనకింత ధీమా."

"క్లయింట్‌కి ఏం చెప్పాలి నేను?"

"పెద్దాయన్ని కోసి కుట్టడానికి వారం కావాలని నిజమే చెప్పండి. కష్టంగా ఉంటే ఫోను నాకివ్వండి. అంతగా ఆపాలనుకుంటే మీరే ఆపండి. ఎవరు ఆపారో పేరు పడుతుంది, అంతే."

పేరు పడుతుందన్న మాట దగ్గర ఆయన ఆగారు. జల్లెడలో ఎవరు ఏ మార్పు చేసినా వాళ్ల పేరుతో నమోదవుతుంది. ఆ పేరు ఆయనది కాకూడదు.

మర్నాడు నన్ను క్యాబిన్‌లోకి పిలిచారు. ఏసీ చల్లగా ఉంది, కుర్చీ వేశారు, టీ కూడా తెప్పించారు. "నువ్వు ఇంకా ప్రొబేషన్‌లనే ఉన్నవ్ కదమ్మా" అన్నారు. "చిన్న పని. జల్లెడ ఆపెయ్. మేడంకి నేను చెప్పుకుంటా."

నా జీతం మీద మా ఇంట్లో అప్పటికే తమ్ముడి చదువు నిలబడి ఉంది. ఆవిడ అన్న ఆ తల్లి ఎవరో నాకు తెలియదు, ముఖం కూడా ఊహించుకోలేను. కానీ ఆవిడ ఆ మాట అన్నాక ఆ తల్లి లేదని అనుకోవడం కుదరడం లేదు. "మేడమ్‌ని అడగండి సార్" అన్నాను. టీ తాగకుండానే బయటికి వచ్చాను.

నా తర్వాత శ్రీశైలాన్ని పిలిచారు. "నాకు దాని పాస్‌వర్డ్ తెల్వద్ సార్" అన్నాడట. పాస్‌వర్డ్ పెట్టిందే అతను. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఎవరూ ముందుగా అనుకోలేదు, ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. లోపలికి వెళ్లినవాళ్లందరూ, మాటలు వేరైనా, ఒకటే జవాబు చెప్పి వచ్చారు. మేడమ్ మా వైపు చూడలేదు. పెన్సిల్‌తో తాళం వేసుకుంటూ పని చేసుకుంటున్నారు. మధ్యాహ్నం మాత్రం ఆవిడ బాక్సులోని గుత్తి వంకాయ కూర మా అందరి బాక్సుల మూతల్లోకీ వచ్చింది.

చివరికి క్లయింట్‌తో ఫోనులో ఆవిడే మాట్లాడారు. మిషన్ స్కూలు ఇంగ్లిషులో, ఒక్కో మాటా విడమరచి. అవతలి ఆయన అంతా విని, వారం తీసుకోండి, తప్పు లేకుండా పంపండి అన్నాడు. మేనేజర్ పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన ముఖం చూసిన శ్రీశైలం నా చెవిలో, "అక్కా, మేడమ్‌కి గిది మాఫ్ కాదు" అన్నాడు. అతను చెప్పిందే అయింది. అది తర్వాతి సంగతి.

ఆ వారం మేం చేసిన పని నేను ఆ తర్వాత ఏ ఆఫీసులోనూ చూడలేదు. మేడమ్ మమ్మల్నందరినీ మీటింగ్ గదిలోకి తోలుకుపోయి, పెద్దాయన్ని కాగితాల మీద అచ్చు వేయించి, ముక్కలు ముక్కలుగా పంచి, పైకి చదవమన్నారు. పాటల ప్రాక్టీసు లాగే. ఒకరు ఊపిరి ఆగినచోట గీత పెడతారు, పక్కవాళ్లు అక్కణ్నుంచి అందుకుంటారు. జల్లెడ చూపించిన ఫైళ్లతో పాటు వాటి పక్కనున్నవి కూడా చదవమన్నారు. కింద టైర్ల షాపువాళ్లు పైన ఏదో ప్రార్థన జరుగుతోందనుకున్నారు. టీ తెచ్చినాయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

మూడో రోజో నాలుగో రోజో, టెస్టింగ్ చూసే అమ్మాయి ఆసుపత్రి గది అద్దె గురించిన ఒక ఫైలు చదువుతోంది. మేడమ్ కళ్లు మూసుకుని వింటున్నవారల్లా చెయ్యెత్తారు.

"ఆగమ్మా. అది మళ్లీ చదువు."

చదివింది. బిడ్డ ఆ కుటుంబంలో పుట్టిందే అయితే, వయసు ఇంతకంటే తక్కువైతే, గది అద్దె ఇవ్వాలి.

"శ్రీశైలం, పెద్దాయనలో నీ ముక్క చదువు."

అతను చదివాడు. వయసు ఇంతకంటే తక్కువైతే, బిడ్డ ఆ కుటుంబంలోదే అయితే.

"రాగం ఒకటే" అన్నారు మేడమ్. "మాటలు అటూ ఇటూ మార్చి పాడారు, అంతే."

పెద్దాయనలోంచి ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయిన ముక్కే. షరతుల వరస తిరగేసి అతికించారు. ఆకారం మారింది కాబట్టి జల్లెడకు దొరకలేదు. జల్లెడ చూపించలేదు కాబట్టి మేం దిద్దలేదు. పుట్టిన బిడ్డకు మాత్రమే అన్న పాత మాట అందులో అలాగే కూర్చుని ఉంది. జల్లెడ ఆపేసి, చూపించిన చోట్ల చేత్తో దిద్ది పంపేసి ఉంటే అది ఆ దేశానికి వెళ్లిపోయేది.

మేడమ్ గెలిచినట్టు ముఖం పెడతారేమో అని చూశాను. ఆవిడ తన చెవి తానే పట్టుకుని గుంజుకున్నారు, స్కూల్లో పిల్లలకు చేసినట్టు. "కన్నం పెద్దదైంది" అన్నారు. ఆ రోజే వరస తిరగేసినా పట్టుకునేలా జల్లెడను మార్చారు. శ్రీశైలం మాత్రం, అంత గొప్ప మిషన్ ఎట్ల మిస్సయింది మేడమ్ అని దిగులుపడ్డాడు. "జల్లెడ చెవికి సాయం నాయనా, చెవికి బదులు కాదు. సాయం వచ్చింది కదా అని చెవి కోసి ఇచ్చేస్తామా" అన్నారు. ఆ మాట నేను ఈ రోజుకీ కొత్తగా చేరిన పిల్లలకు చెబుతాను. వాళ్లు నవ్వుతారు, నవ్వనిస్తాను.

పెద్దాయన నిండుగా ఊపిరి తీసుకునే చిన్న చిన్న ముక్కలుగా మారాడు. ఎవరి బిడ్డ అని తేల్చే ముక్క ఒక్కచోటే ఉంది, మిగిలినవన్నీ దాని పేరు పిలుస్తాయి. వారానికి పని ముగిసింది, తప్పు లేకుండా వెళ్లింది. క్లయింట్ మెచ్చుకుంటూ రాసిన మెయిల్ మేనేజర్‌కి వచ్చింది. ఆ మెయిల్‌లో ఎవరి పేరు ఉందో మాకు చూపించలేదు.

తర్వాతి నెల టీముల్లో మార్పులన్నారు. మేడమ్‌ని లీడ్‌గా తీసేసి బెంచి మీద కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో పని చేసినవాళ్లకు బెంచి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చేతిలో పని ఉండదు, జీతం వస్తుంటుంది, ఎదురైనవాళ్లు జబ్బు మనిషిని పలకరించినట్టు పలకరిస్తారు. మంచినీళ్ల క్యాన్ పక్కన ఆవిడకు సీటు వేశారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగి, మీరు ఒక్కసారి వెళ్లి ఆయనతో మాట్లాడండి మేడమ్ అన్నాను.

"ఏమని మాట్లాడనమ్మా? ఆపి ఉండాల్సిందని చెప్పనా?" అని నవ్వారు. "బెంచి నాకు కొత్తేంటి. ప్రతి ఆదివారం కూర్చుంటాను. అక్కడ కూడా ముందు వరసలోనే."

కూర్చోవడం అంటే ఊరికే కూర్చున్నారనుకునేరు. మంచినీళ్ల కోసం వచ్చిన ప్రతి కొత్త పిల్లనీ, పిల్లాడినీ పట్టుకుని, రాసింది పైకి చదివించేవారు. ఆ మూల దాహం వేయనివాళ్లతో కూడా నిండిపోయేది. ఆవిడ పదవి తీసేయగలిగారు గానీ పని తీసేయలేకపోయారు. ఆఫీసు మాదాపూర్‌కి మారినప్పుడు ఆవిడ మాతో రాలేదు. ఊళ్లోనే ఒక చిన్న కంపెనీలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. అక్కడ కూడా సర్దుకుపోలేదని విన్నాను.

కొత్త లీడ్ వచ్చిన మొదటి వారంలోనే మా బిల్డ్‌లోంచి జల్లెడను తీసేశారు. శ్రీశైలం, నేను మా మా మిషన్లలో దాన్ని నడుపుకున్నాం. తర్వాత ఎన్ని కంపెనీలు మారానో, అన్నిచోట్లా గుమ్మంలో జల్లెడ పెట్టించాను. ఇప్పుడు ఈ పని చేసే ప్రోగ్రాములు రంగురంగులవి రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. ఏది వాడినా అడ్డం తగిలినప్పుడు తెర మీద ఎర్రగా వచ్చే మాట మాత్రం నేనే మారుస్తాను. తెలుగు రానివాళ్లు అదేమిటని అడిగితే అర్థం చెబుతాను. రిలీజ్ దగ్గరపడగానే ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి, ఒక్క వారం ఆపమంటారు. వాళ్లు మంచివాళ్లే, వాళ్ల తొందర నిజమే. నేను ఆపను.

సమాధుల తోటకు మా పాత టీమ్‌లో దొరికినవాళ్లందరం వెళ్లాం. మేడమ్ చెల్లెలుగారు అందరికీ పాట కాగితాలు పంచుతున్నారు. నన్ను చూసి, "నువ్వేగా అమ్మా ఊపిరి ఆగిపోయిన పిల్లవి? మా అక్క చెప్పేది" అన్నారు. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

మేనేజర్ కూడా వచ్చారు. జుట్టుకి నల్లరంగు వేశారు, నడక నెమ్మదించింది. పెద్దమనిషి వచ్చాడని ఎవరో ముందు వరసలో చోటిచ్చారు. ఆయన నా పక్కకు వచ్చి, "గ్రేట్ లేడీ అమ్మా. ఆ రోజుల్లో మేడంకి నేను ఫుల్ ఫ్రీడం ఇచ్చిన" అన్నారు.

"బెంచి ఇచ్చారు సార్" అన్నాను.

శ్రీశైలం దగ్గాడు. ఆయన చేతిలో కాగితం వైపు చూసుకున్నారు. చావు దగ్గర ఆ మాట అనాల్సింది కాదని మా ఇంట్లో తర్వాత అన్నారు. అనకపోతే నేను సర్దుకుపోయినట్టు. ఆవిడ పెట్టె ముందు నిలబడి ఆ పని నా వల్ల కాదు.

పాట మొదలైంది. ఆవిడ నేర్పిన బృందమే పాడుతోంది. పల్లవి అందరం ఒకసారి అందుకున్నాం. నాకూ శ్రీశైలానికీ ఆ పాట రాదు, అయినా ఒకసారి వింటే వచ్చేసే పల్లవి అది. మొదటి చరణం అయింది. కాగితం మీద దాని చివర ఒకే ఒక్క మాట, అటూ ఇటూ నిలువు గీతలు. బృందం ఊపిరి తీసుకుంది. మేనేజర్ చూపు ఆ గీతలు దాటి రెండో చరణంలోకి వెళ్లిపోయింది. గొంతు కలపబోయి ఆగారు. అందరూ పాడుతున్నారు, ఆయన చూస్తున్న చోట ఆ మాటలు లేవు. కళ్లజోడు సర్దుకుని, వేలితో కిందికి జరుపుకుంటూ, కాగితం వెనక్కి తిప్పి కూడా వెతికారు.

మేమందరం పైన, మొదటి లైన్‌లో ఉన్నాం.